పెద్దవాగు శతకం చివరి పేజీ

జూలూరుపాడు బస్టాండుకు ఎదురుగా ఉన్న ఫ్లెక్సీ దుకాణాన్ని శ్యామల తొలి బస్సు వచ్చేసరికే తెరుస్తుంది. వాకిట్లో నీళ్ళు చల్లి, మిషన్‌కు దండం పెట్టుకుని, రాత్రి ఫోనులో వచ్చిపడ్డ ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. పుట్టినరోజు బుడ్డోళ్ళు, పెద్దకర్మ తాతలు, ఓణీల ఫంక్షన్ అమ్మాయిలు, ఏ పదవీ లేని నాయకులు. ఎవరొచ్చినా మొహం కాస్త పెద్దది చేసి, రంగు రెండు మెట్లు తేల్చి పంపిస్తుంది. ఆమె భర్త చిరంజీవి వాటిని కర్రలకు బిగించి స్తంభాలకు కడతాడు. వానాకాలం రాగానే ఆ నాయకులే కోళ్ళగూళ్ళ మీదికీ, మిరప కల్లాల్లోకీ చేరి ఊరికి నిజంగా ఉపయోగపడతారు.

ఇంత చేసే శ్యామలకు తను అచ్చేసే సరుకు మీద పూచికపుల్లంత గౌరవం లేదు. ఆమె ప్రాణమంతా లోపలి గదిలో అద్దాల బీరువాలో ఉంటుంది. ఒకప్పుడు ఇల్లెందులో, మధిరలో, సత్తుపల్లిలో, కొత్తగూడెంలో చిన్నచిన్న అచ్చాఫీసులు ఉండేవి. ఒక గది, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుస పేర్చే మనిషి ఒకడు. పగలు పెళ్ళి శుభలేఖలు వేసి, మిగిలిన కాగితంతో, మిగిలిన ఓపికతో వాళ్ళు పాత శతకాలు, యక్షగానాలు, కావ్యాలు అచ్చువేశారు. ఆ పుస్తకాల్ని శ్యామల పాత సామాన్ల అంగళ్ళలో, మూతబడ్డ గ్రంథాలయాల్లో, అటకల మీద వెతికి పట్టుకొచ్చింది. పేజీ వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాల గుంటలు తగులుతాయి. ఆ గుంటలు తగిలినప్పుడు ఆమె మొహం చూడాలి, కొత్త నగ పెట్టుకున్న ఆడపిల్ల కూడా అంత వెలగదు.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నడంట ఎనకటికెవడో," అంటాడు చిరంజీవి. అంటూనే కొత్తగా వచ్చిన పుస్తకానికి అట్ట కూడా తనే వేస్తాడు.

సీసంతో నొక్కిన పుస్తకానికి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన సుగుణం ఒకటుంది. చెదలు కాగితాన్ని తింటాయి గానీ అక్షరాన్ని తినలేవు. కాగితం పోయినా అక్షరాలు ఎక్కడివక్కడ, వరుస తప్పకుండా, గాలిలో నిలబడి ఉంటాయి. టేకులపల్లి దగ్గర ఒకరింట్లో తాతగారి పెళ్ళి శుభలేఖ కాగితం ఏనాడో మట్టయింది, ముహూర్తం మాత్రం ఇంకా గోడ మీద ఉంది. ఇంటికి సున్నం వేసినప్పుడల్లా ఆ నాలుగు వరుసల చుట్టూ చూసుకుని వేస్తారు. వచ్చిన చుట్టాలు దాన్ని చూసి ఆశ్చర్యపోరు. సీసం కింద నలిగొచ్చిన అక్షరం, దానికి కాగితం ఒక లెక్కా అని చెప్పులు విడిచి లోపలికి వస్తారు. అయితే చీపురు తగిలితే మాత్రం నువ్వుల్లా రాలిపోతాయి. కదిలిస్తే రాలేదాన్ని బీరువాలో ఎలా పెడతాం? అందుకని శ్యామల కాగితం లేని పుస్తకాల జోలికి ఎప్పుడూ పోలేదు.

ఆ ఏడు ఖమ్మంలో వెంకటేశ్వరరావు సారు పాత అచ్చు పుస్తకాల ప్రదర్శన పెట్టబోతున్నాడు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, పుస్తకమంటే చెవి కోసుకుంటాడు. శ్యామల బీరువా చూడడానికే జూలూరుపాడు దాకా వచ్చాడు.

"జిల్లాలో అచ్చయిన శతకాలన్నీ ఒక్కచోట! నడిమధ్య బల్ల నీదేనమ్మా," అన్నాడు.

"ఒక్కటి తక్కువుంది సార్. పెద్దవాగు శతకం."

"అది జనం నోట్లో ఉన్న శతకం. అచ్చు కాలేదు."

"ఇప్పలగుంపుల అచ్చేసిండ్రంటరు కద సార్."

సారు పకపకా నవ్వాడు. "అడవిలో అచ్చాఫీసా? అడవిలో అచ్చయ్యేది పులి అడుగొక్కటే శ్యామలా!"

శ్యామల కూడా నవ్వింది గానీ ఆమెకు ఆ మాట ములుకులా దిగింది. అన్నీ ఉన్నాయి అని చెప్పుకునే యోగం ఒక్క పుస్తకం దగ్గర ఆగిపోయింది.

ప్రదర్శన ఇంకో వారం ఉందనగా సీతయ్య అనే ఆయన కూతురి ఫంక్షన్ ఫ్లెక్సీ కోసం ఇప్పలగుంపు నుంచి వచ్చాడు. కోయ రైతు, నెమ్మదస్తుడు. రంగు ఆరేదాకా కూర్చోమంటే కూర్చుని, తెరిచిన తలుపులోంచి బీరువా చూశాడు.

"మా ఇంట్ల గూట్లె గూడ గిసొంటిదే ఉంది," అన్నాడు. "కాగితం లేదు, ఉత్త అక్షరాలే. మా తాత దూలయ్య ఏసిండని మా అమ్మ అంటది. పెద్దవాగు మీది పద్యాలంట."

శ్యామల చేతిలోని కత్తెర కింద పెట్టింది. "దాన్ని ముట్టుకోకుర్రి అన్నా. నేనొస్త, చూస్త."

"వస్తే జల్దీ రా అక్కా. ఇందిరమ్మ ఇల్లొచ్చింది మాకు. రేపు పగటాల్ల జేసీబీ వస్తది, పాత గోడలు తీపిస్తున్న. వానలు ముదరకముందే బేస్మెంటు లేవాలె."

ప్రపంచంలో ఒక్కటంటే ఒక్క ప్రతి ఉంది, అది రేపు మధ్యాహ్నం గోడతో పాటు మట్టిలో కలుస్తుంది. శ్యామల దుకాణం చిరంజీవికి అప్పగించి, అక్షరాల కిందికి కాగితం జరిపితే దాని మీద కుదురుకుంటాయేమోనన్న ఆశతో అన్నిటికంటే ఖరీదైన మెరుపు కాగితాల కట్ట, జిరాక్సు కాగితాల కట్ట స్కూటీకి కట్టుకుని సీతయ్య బండి వెనకే బయల్దేరింది.

ఇప్పలగుంపు టేకులపల్లి దాటాక అడవి అంచున ఉంటుంది. మట్టి ఇంటి ముందు సీతయ్య తల్లి ముత్తక్క విస్తరాకులు కుడుతూ కూర్చుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, వెన్ను మాత్రం నాగలి మేడిలా నిటారుగా ఉంది. విషయం విని శ్యామలను కిందనుంచి మీదికి చూసింది.

"నమ్మేటందుకు వచ్చినవా, నవ్వేటందుకు వచ్చినవా బిడ్డా?"

"చూసేటందుకు వచ్చిన అవ్వా."

"గట్లయితే దా."

గూట్లో, దీపం బుడ్డి పక్కన, పడుకోబెట్టినట్టు పుస్తకం ఉంది. అట్ట లేదు, కాగితం లేదు. అరచేతి వెడల్పున నల్లటి వరుసలు పొర మీద పొరగా, వెంట్రుక సందు ఎడంగా గాలిలో ఆగి ఉన్నాయి. శ్యామల ఊపిరి బిగబట్టి వంగింది. మొదటి పొర మీద పెద్ద అక్షరాలు: పెద్దవాగు శతకము. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముత్తక్క చెప్పింది. దూలయ్య పిల్లవాడిగా కొత్తగూడెంలో ఒక అచ్చాఫీసులో పనికి కుదిరాడట. ఆ ఆఫీసు మూసేసినప్పుడు యజమాని జీతం కింద పాత చేతిమిషన్ ఇచ్చేశాడు. దాన్ని ఎడ్లబండి మీద ఊరికి తెచ్చి, ఇంటి పక్కన గుడిసెలో పెట్టి, జాతర కరపత్రాలు వేస్తూ, వాగు మీద జనం పాడుకునే పద్యాలన్నీ పోగుచేసి ఈ ఒక్క పుస్తకం అచ్చువేశాడు. ఆయన పోయాక మిషన్ పాత ఇనుముకు పోయింది. సీసం అక్షరాలను కరగబోసి చేపల వలలకు గుళ్ళు చేసుకున్నారు. ఆ ఊరి వలలు ఇప్పటికీ ఆ అక్షరాల బరువుతోనే మునుగుతాయి.

"నేను చెప్తే ఎవ్వలు నమ్మలె. నాట్లకు పోయినకాడ, కలుపుకు పోయినకాడ, 'ప్రెస్సోళ్ళ దొరసాని వచ్చింది, జరగుండ్రే' అని ఎక్కిరిస్తరు. గూట్లె ఉన్నది ఏ కొత్తగూడెంల కొన్నడో మీ నాయన అంటరు. అరవై ఏండ్ల సంది పడుతున్న."

ఇక్కడ శ్యామల ఒక తప్పు చేసింది. రోజూ మెరుపు కాగితంతో బతికే మనిషి గనక, గొప్ప పుస్తకానికి గొప్ప కాగితం అనుకుంది. నిగనిగలాడే కాగితం ఒకటి తీసి, ముఖపత్రం పొర కిందికి మెల్లగా జరిపింది. అక్షరాలు దాని మీద నిలవలేదు. జర్రున జారి, వాటి కిందున్న మొదటి పద్యాన్ని కూడా లాక్కుని, బొటబొటా నేల మీద రాలిపోయాయి.

"అయ్యో! అయ్యో, ఏం జేస్తిని!" శ్యామల అక్కడే కూలబడింది. ఇన్నేళ్ళు పుస్తకాలు కాపాడానని చెప్పుకున్న చెయ్యి ఇదేనా అని తన చేతిని తనే చూసుకుంది.

ముత్తక్క తిట్టలేదు. గోడకున్న చేట తీసి, నేల మీది అక్షరాలు ఒక్కటి పోకుండా అందులోకి ఎత్తింది. "ఎండు కాగితం అక్షరాన్ని పట్టదు బిడ్డా. మా నాయన పొద్దుగూకేటాల్ల కాగితాలకు వాగునీళ్ళు చల్లి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రాయి పెట్టేటోడు. తెల్లారితే అన్నీ ఒక్కతీరుగ మెత్తబడి ఉంటయ్. అప్పుడేసేటోడు."

అయితే జిరాక్సు కాగితమే. ఇద్దరూ వాగుకు పోయి బిందెతో నీళ్ళు తెచ్చారు. గూట్లో మిగిలిన పొరలకు ఎన్ని కాగితాలు కావాలో శ్యామల లెక్కేసింది, సరిగ్గా అన్నే తడిపి రాయి పెట్టారు.

ఇక చేటలోని అక్షరాలు. ముత్తక్క పేడతో అలికిన నేల మీద సుద్దతో గళ్ళు గీసింది. తడి వేలికొసతో ఒక్కో అక్షరాన్ని ఎత్తి, ఆలోచించకుండా ఏ గడిలో పడాల్సింది ఆ గడిలో వేసింది. చిన్నప్పుడు నాయనకు అక్షరాలు ఏరి ఇచ్చే పని, అచ్చు అయిపోయాక వాటిని విప్పి మళ్ళీ గళ్ళలో వేసే పని ఆమెదే.

"బాగ చదివినవా అవ్వా?" అంది శ్యామల ఆశగా.

"చదువా? నాకు ఒక్క ముక్క రాదు. ఏది ఏ గడిలె పడుకుంటదో ఎరుక, గంతే."

మొదటి పద్యం శ్యామలకు రాదు. ముత్తక్కకు వచ్చు, వాళ్ళ నాయన పేర్చుతూ పాడేవాడు. ఆమె కళ్ళు మూసుకుని ఎత్తుకుంది:

కొండ కడుపు నిండ కురిసిన చినుకులే
కోటి గొంతులైన కూత నీది
దప్పిగొన్న యడవి దాపున నడిచేటి
పెద్దవాగు తల్లి ప్రేమవల్లి!

"కొ ఇయ్యి అవ్వా," అంది శ్యామల.

"కొ అంటే నాకేమెరుక? ఎట్లుంటదో చెప్పు."

"తల మీద కొంకి తిరిగి ఉంటది. నడుమ అడ్డగీత."

"అవ్, గది మూడో వరుసల గడి. గట్ల చెప్పాలె మరి."

పాట తెలిసినామెకు అక్షరం పేరు తెలియదు, అక్షరం తెలిసినామెకు పాట తెలియదు. నాలుగు పాదాల పద్యానికి సాయంత్రమంతా పట్టింది. మధ్యలో పోట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. సీతయ్య వచ్చి చూసి, వీళ్ళకు అన్నం వడ్డించే దిక్కు తనేనని అర్థం చేసుకుని పొయ్యి దగ్గరికి పోయాడు. ముఖపత్రంతో పాటు ఆ పద్యం తడి కాగితం మీద కుదురుకున్నాక శ్యామల వెనక్కి తిప్పి తడిమింది. గుంటలు తగిలాయి. తన బీరువాలో ఉన్న ఏ పుస్తకాన్నీ తను పుట్టించలేదు, కొన్నది అంతే. ఇందులో ఒక పేజీ తన చేతి మీదుగా పుట్టింది. ఆ గర్వం ఆమెకు ఫ్లెక్సీ మీద ఎవరి మొహం చూసినా కలగలేదు. రాలిన పేజీకి లెక్కలో లేని కాగితం ఒకటి ఖర్చయిందన్న సంగతి అప్పుడు ఆ సంతోషంలో ఎవరూ పట్టించుకోలేదు.

తెల్లవారుజామునే మొదలుపెట్టారు. ముత్తక్క తడి కాగితాన్ని పెనం మీది అట్టు తీసినంత ఒడుపుగా పొరల మధ్యకు జరిపేది. పైన ఉన్న పేజీ దాని ముందు వైపుకు, కింద ఉన్న పేజీ వెనక వైపుకు దిగి అంటుకునేవి. శ్యామల వాటిని వరుసగా చాప మీద పరిచేది. ఊళ్ళో ఆడవాళ్ళు పనికి పోతూ తొంగిచూసి, "ప్రెస్సు తెరిచిండ్రే!" అని నవ్వుకుంటూ వెళ్ళారు. ముత్తక్క తల ఎత్తలేదు.

ఆఖరి పొర మిగిలి ఉండగా వీధి చివర జేసీబీ చప్పుడు వినిపించింది. శ్యామల చెయ్యి చాపింది. రాయి కింద తడి కాగితం లేదు.

"ఒకటి తక్కువైంది! రాత్రి ఆ పద్యానికి..." ఆమె రాయిని పక్కకు దొర్లించి వెతికింది. పొడి కాగితం బోలెడుంది. ఇప్పుడు తడిపితే అది మెత్తబడేసరికి పొద్దుగూకుతుంది.

సీతయ్య బయటికి పరిగెత్తి, "ఆగు తమ్మీ, ఆగు!" అని అరిచాడు. జేసీబీ ఇంకా గోడను ముట్టనే లేదు. కానీ అంత బండి వాకిట్లోకి వచ్చేసరికి నేల అదిరింది, పాత గోడ వణికింది, గూట్లోంచి మట్టి రాలడం మొదలైంది. చివరి పేజీలోని ఒక వరుస అటూ ఇటూ ఊగింది.

ముత్తక్క కుడిచెయ్యి గూట్లో పెట్టింది. తెల్లవారుజాము నుంచి తడి కాగితాల్లో నానిన చెయ్యి, మోచేతి దాకా చెమ్మగా, మెత్తగా ఉంది. ముంజేతిని ఆ వరుసల కింద ఆనించి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు మెల్లగా పైకి లేపింది. అక్షరాలన్నీ ఆమె చర్మం మీద దిగి కూర్చున్నాయి. చెయ్యి బయటికి తీసిన వెనకాలే గూడు పెళ్ళున విరిగి కింద పడింది.

బయట వెలుగులో శ్యామల ఆ చెయ్యి పట్టుకుని చదివింది.

"ఏం రాసుంది బిడ్డా? పద్యమేనా?"

"పద్యం కాదు అవ్వా." శ్యామల వరుస వెంట వేలు నడిపింది. "'ఇప్పలగుంపు గ్రామమున దూలయ్య అచ్చాఫీసులో ముద్రింపబడినది. అక్షరములు ఏరి ఇచ్చినది, కుమార్తె ముత్తక్క.'"

ముత్తక్క చేతిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "నా పేరెక్కడుంది?" అంది. శ్యామల వేలు పెట్టి చూపించింది. తను ఎన్నోసార్లు గళ్ళలో వేసిన అక్షరాలే అవి. ఆ పేర్పులో తనే ఉందని నాయన ఏనాడూ చెప్పలేదు. ఆమె ఏడ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, జేసీబీ అబ్బాయితో, "ఇగ కూలగొట్టుకో అయ్యా," అంది.

ఆ అక్షరాలు కడిగితే పోలేదు, సబ్బు పెడితే పోలేదు. శ్యామలకు మాత్రం ఆశ చావలేదు. ప్రదర్శనకు రెండు రోజుల ముందు ఒక మంచి కాగితం రాత్రంతా తడిపి, తెల్లారి తడిగుడ్డలో చుట్టుకుని మళ్ళీ ఇప్పలగుంపు వెళ్ళింది. చేతి మీద అద్దితే దిగుతాయేమో. ఆ ఒక్క పేజీ లేకపోతే పుస్తకం మొండిదవుతుంది, తన శతకాల వరుస మళ్ళీ అసంపూర్తే.

ముత్తక్క ఎడమచేతిని చాపి చూపించింది. దాని మీద చిన్ననాటి పచ్చబొట్లు ఉన్నాయి. "మాలో సచ్చినంక ఎంట వచ్చేది పచ్చబొట్టొక్కటే బిడ్డా. సొమ్ములు రావు, చీరెలు రావు. గియ్యి మా అవ్వ పొడిపిచ్చింది. గిది మా నాయన పొడిచిండు. నీకు పుస్తకం ఇచ్చిన గద, ఇది నాకు ఉండనియ్యి."

శ్యామల ఆ తడికాగితాన్ని మడిచి మూలకు పెట్టి, ముత్తక్క పక్కన కూర్చుని ఆకులు అందించింది. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఆమెకు ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించలేదు. ఆ మాటకొస్తే జిల్లాలో ఇంకెవరి పుస్తకానికీ నడిచే పేజీ లేదు.

ఖమ్మంలో నడిమధ్య బల్ల మీద పెద్దవాగు శతకం పెట్టారు. వెంకటేశ్వరరావు సారు కళ్ళద్దాలు తుడుచుకుని పేజీ తర్వాత పేజీ తిప్పాడు, వెనక్కి తిప్పి తడిమాడు. నవ్విన నోటితోనే "అద్భుతం, అద్భుతం" అన్నాడు. చివరికి వచ్చి ఆగాడు.

"ఎక్కడ అచ్చయిందో చెప్పే పేజీ ఏదమ్మా? అది లేకపోతే ఇప్పలగుంపుదే అని ఎలా నమ్మేది?"

"ఉంది సార్," అంది శ్యామల తల ఎత్తి. "ఇప్పలగుంపులనే ఉంది. ఈ ఏళకు పత్తిచేన్ల కలుపు తీస్తుండొచ్చు."

సారు ఆమె మొహంలోకి చూశాడు. అది వేళాకోళం కాదని అర్థమై, కండువా సర్దుకుని, "కారు తియ్యమను," అన్నాడు.

చేనుగట్టు మీద ఆయన బూట్లు విప్పి చేత పట్టుకుని నడుస్తుంటే శ్యామల ముందు దారి చూపించింది. ముత్తక్క కొడవలి పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని చాపింది. ఆ పేజీ చదవాలంటే ఆ చెయ్యి పట్టుకోక తప్పదు. సారు రెండు చేతులతో పట్టుకుని, మట్టిలో మోకాలు మోపి, మొదట లోలోపల చదువుకున్నాడు. తర్వాత పైకి, మెల్లగా, దేవుడి ముందు చదివినట్టు చదివాడు.

అవతలి సాళ్ళలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి ఇటే చూస్తున్నారు.

"ఇంకోపాలి చదువు సారూ," అంది ముత్తక్క, కళ్ళు వాళ్ళ మీదినుంచి తిప్పకుండా. "జర గట్టిగ. ఆ సాళ్ళల్ల ఉన్నోళ్ళకు ఇనపడాలె."